చెరకు సీమలో చక్కెర గీత

బోధన్‌ను ఆనుకొని ఉన్న శక్కర్‌నగర్‌లో ఒకప్పుడు గానుగ సీజన్ మొదలైతే చక్కెరను కొలిచే పని రాత్రింబగళ్లు సాగేది. నిజాంసాగర్ నీళ్లతో పెరిగిన చెరకు నిజాం షుగర్ ఫ్యాక్టరీ చేరేది. ఏ చక్కెర మిల్లులోనైనా రసం దిగగానే ల్యాబులో దాని బ్రిక్స్ చూస్తారు. పండిన చెరకు రసానికి బ్రిక్స్ 18 నుంచి 20 దాకా వస్తుంది. అంటే నూరు గ్రాముల రసంలో ఇరవై గ్రాముల దాకా కరిగిన పదార్థం ఉన్నట్టు. అందులో అధిక భాగం చక్కెరే. 1937లో ఏర్పాటై, ఒక దశలో ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చుట్టుపక్కల చెరకు తగ్గి వరి, సోయా, మక్క పెరిగాయి.

ఆ నేల మీద చక్కెర కొలత ఇప్పుడు ఇంకో రూపంలో సాగుతోంది. నిజామాబాద్ ఖలీల్‌వాడి ఆసుపత్రుల వీధుల్లో జబ్బకు రూపాయి బిళ్లంత తెల్లటి పట్టీతో తిరిగేవాళ్లు అక్కడక్కడా కనిపిస్తున్నారు. బస్సులో పక్కనున్నవాళ్లు అడగనే అడుగుతారు: “ఏం పట్టీ అన్నా అది? దెబ్బ తగిలిందా?” దెబ్బ కాదు. అది నిరంతర గ్లూకోజు మానిటర్. డాక్టర్లు సీజీఎం అంటారు. దాన్ని అతికించుకోవడానికి ఒక్క నిమిషం చాలు. దానికి అలవాటు పడటానికీ, అది చెప్పేదాన్ని సరిగ్గా వినడానికీ మాత్రం కొంత చదువు కావాలి. ఈ అధ్యాయం ఆ చదువు కోసమే.

ఒంటి మొత్తానికి ఒక చెంచా

పెద్దవాళ్ల ఒంట్లో రక్తం దాదాపు అయిదు లీటర్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పరగడుపున డెసీలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు గ్లూకోజు ఉంటుంది. లెక్క కడితే అయిదు లీటర్లలోనూ కలిపి అయిదు గ్రాములు కూడా దాటదు. రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్‌లో అంతకు రెట్టింపు ఉంటుంది. అయినా ఆ చాయ్ తాగిన ఆరోగ్యవంతుడి రక్తంలో గ్లూకోజు రెట్టింపు కాదు. క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు వచ్చిన గ్లూకోజును వచ్చినట్టే సర్దేస్తాయి.

మధుమేహంలో ఈ సర్దుబాటు దెబ్బతింటుంది. టైప్ 1లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. టైప్ 2లో ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట సరిగా వినదు, క్రమంగా తయారీ కూడా తగ్గుతుంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన ‘ఇండియాబ్’ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారనీ అందులో తేలింది.

ఇన్ని కోట్ల మంది తమ గ్లూకోజును ఎలా తెలుసుకుంటున్నారు? చాలామందికి ఆధారం నెలకో రెండు నెలలకో ఒకసారి పరగడుపున, తిన్నాక ఇచ్చే రక్తం. మరికొంతమంది మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకుంటారు. ఎర్రరక్త కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, దాని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజును బట్టి గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ 7 అంటే సగటున 154 మిల్లీగ్రాములు. కానీ రోజంతా 150 దగ్గర నిలకడగా ఉన్న మనిషికీ, రాత్రి 55కు పడి మధ్యాహ్నం 280కి ఎగిరే మనిషికీ అదే 7 రావచ్చు. పైగా రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. మన పల్లెల్లో ఆడవాళ్లకు రక్తహీనత ఎంత మామూలో చెప్పనక్కరలేదు. సగటు దాచిపెట్టే ఈ ఎగుడుదిగుళ్లను బయటపెట్టడానికే సీజీఎం వచ్చింది.

చర్మం కింద జరిగేది

ఈ పట్టీ పుట్టుక వెనక అరవై ఏళ్ల కథ ఉంది. 1962లో అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్, తన సహచరుడు చాంప్ లయన్స్‌తో కలిసి ఒక ఆలోచన ప్రకటించాడు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఎలక్ట్రోడు మీద నిలిపితే, గ్లూకోజు ఎంత ఉందో కరెంటు రూపంలో కొలవవచ్చన్నదే ఆ ఆలోచన. ఆ ఎంజైము ఒక రకం బూజు నుంచి వస్తుంది. వందలాది పదార్థాల మధ్య గ్లూకోజునే ఏరి పట్టుకోవడం దాని ప్రత్యేకత. తర్వాత టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆడమ్ హెల్లర్ ఆ ఎంజైమును ఆస్మియం కలిసిన పాలిమరుతో నేరుగా ఎలక్ట్రోడుకు ‘తీగ కట్టే’ పద్ధతి కనిపెట్టాడు. నేడు మన దగ్గర ఎక్కువగా వాడే 14 రోజుల సెన్సర్లకు పునాది అదే.

మొదటి సీజీఎంకు అమెరికా అనుమతి 1999లో వచ్చింది. అది మూడు రోజులు మాత్రమే పనిచేసేది. అంకెలు పెట్టుకున్నవాళ్లకు కనిపించేవి కావు, డాక్టరు తర్వాత దించుకొని చూసేవాడు. 2014లో యూరప్‌లో ఫ్రీస్టైల్ లిబ్రే వచ్చాక పరిస్థితి మారింది. వేలికి పొడిచి సరిచూసి సెట్ చేయాల్సిన పని పోయింది. ఫ్యాక్టరీలోనే సరిచేసిన సెన్సర్ రెండు వారాలు పనిచేయసాగింది.

పెట్టే తీరు సులువు. జబ్బ వెనక భాగం శుభ్రంగా తుడిచి ఆరనిచ్చి, అప్లికేటరు ఆనించి నొక్కుతారు. స్ప్రింగు బలంతో సూది లోపలికి వెళ్లి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. లోపల మిగిలేది వెంట్రుకను తలపించే మెత్తటి తీగ, పొడవు అయిదు మిల్లీమీటర్ల దగ్గర. చాలామందికి చీమ కుట్టినంత నొప్పి కూడా తెలియదు. ఆ తీగ మొన రక్తనాళంలో ఉండదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో ఉంటుంది. కొన్ని పరికరాలు నిమిషానికోసారి, కొన్ని అయిదు నిమిషాలకోసారి అక్కడి గ్లూకోజును కొలిచి ఫోనుకు పంపుతాయి. అయిదు నిమిషాలకోసారి అంటే రోజుకు 288 కొలతలు, ఫోను తెర మీద అవన్నీ కలిసి ఒక గీత. వేళ్లు పొడుచుకొని ఎవరూ అన్ని చూసుకోలేరు.

మొదటి రోజులు

మొదటి రోజు అంకెలను మరీ పట్టించుకోకూడదు. బయటి వస్తువు ఒంట్లోకి వెళితే చుట్టూ ఉన్న కణజాలం కాస్త వాపుతో స్పందిస్తుంది. అది సర్దుకునే దాకా సెన్సర్ కొంత ఎక్కువో తక్కువో చూపవచ్చు.

ఊరి ఎండ రెండో పరీక్ష. నిజామాబాద్‌లో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. చెమటకు జిగురు వదులుతుంది. పట్టీ చుట్టూ అదనపు టేపు అతికించుకుంటే పొలం పనిలో కూడా నిలుస్తుంది. తడిసినా భయం లేదు కానీ, స్నానం తర్వాత టవలుతో గట్టిగా రుద్దితే లేచి వస్తుంది. వాడని సెన్సర్ల పెట్టెను బండి డిక్కీలో, ఎండ పడే కిటికీలో ఉంచకూడదు. వేడికి ఎంజైము చెడుతుంది.

ఆడవాళ్లకు ఇంకో చిక్కు. పొట్టి చేతుల జాకెట్టు అంచు సరిగ్గా సెన్సర్ ఉండే చోటే వస్తుంది. బిగుతు చెయ్యి తొడిగేటప్పుడో విప్పేటప్పుడో పట్టీ ఊడే ప్రమాదం ఉంది. కాస్త వెనక్కి, కాస్త పైకి పెట్టించుకోవడం, ఆ రెండు వారాలు వదులు చేతుల జాకెట్టు వేసుకోవడం మేలు. వంకీ పెట్టుకునే పెళ్లి రోజుల్లో రెండో చెయ్యి వాడవచ్చు. ప్రతిసారీ చెయ్యి మారిస్తే చర్మానికీ విశ్రాంతి దొరుకుతుంది.

రాత్రి మరో వింత ఎదురవుతుంది. నిద్రలో సెన్సర్ ఉన్న జబ్బ మీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడి ద్రవం పక్కకు నెట్టుకుపోయి, అసలు లేని ‘లో షుగర్’ కనిపిస్తుంది. రెండు గంటలకు ఫోను మోగుతుంది, ఇల్లంతా లేస్తుంది. పక్కకు తిరిగి పడుకుంటే కాసేపటికి గీత తనంతట తాను పైకి వస్తుంది. అలాంటి వేళ చక్కెర నీళ్లు తాగేముందు వేలికి పొడిచి చూసుకోవాలి. ఒంట్లో చెమట, దడ, వణుకు ఉంటే మాత్రం పరీక్ష కోసం ఆగకూడదు, ముందు గ్లూకోజు తీసుకోవాలి.

రెండు అంకెలు కలవనప్పుడు

కొత్తగా పెట్టుకున్నవాళ్లను ఎక్కువగా కలవరపెట్టేది ఇది. గ్లూకోమీటరు 182 అంటుంది, సెన్సర్ 160 అంటుంది. “ఏది నిజం?” అని దుకాణానికి పరుగెత్తుతారు. చాలాసార్లు రెండూ నిజమే.

నిజాంసాగర్ తూము ఎత్తిన పూటే చివరి ఆయకట్టు మడికి నీళ్లు చేరవు. కాలువ నిండాలి, పిల్ల కాలువలు పారాలి. గ్లూకోజూ అంతే. ముందు రక్తంలో పెరుగుతుంది, అక్కడి నుంచి కణాల మధ్య ద్రవంలోకి ఇంకుతుంది. ఈ ఆలస్యం అయిదు నుంచి పదిహేను నిమిషాల దాకా ఉంటుంది. షుగర్ వేగంగా పెరిగే వేళ సెన్సర్ తక్కువగా, వేగంగా తగ్గే వేళ ఎక్కువగా చూపడానికి ముఖ్య కారణం ఇదే. గీత సమంగా ఉన్నప్పుడు, అంటే తిని మూడు గంటలయ్యాక, పోల్చి చూస్తే రెండూ దగ్గరపడతాయి. మంచి సెన్సర్లలో కూడా సగటున 9 శాతం దాకా తేడా ఉంటుంది. ఇంట్లో వాడే గ్లూకోమీటరుకూ అంతర్జాతీయ ప్రమాణం 15 శాతం వెసులుబాటు ఇచ్చింది.

ఈ ఆలస్యం తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. షుగర్ 62కు పడిందని మనిషి మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగుతాడు. పది నిమిషాలైనా ఫోనులో 60 దగ్గరే కనిపిస్తుంది. భయంతో మళ్లీ తాగుతాడు, ఓ లడ్డూ తింటాడు. గంటకు 260. చేయవలసింది 15 గ్రాముల గ్లూకోజు తీసుకొని, 15 నిమిషాలు ఆగి, వేలి రక్తంతో చూడటం. రోజుకు 500 మిల్లీగ్రాములకు మించి విటమిన్ సి బిళ్లలు వేసుకునేవాళ్లకు కొన్ని సెన్సర్లు అసలుకన్నా ఎక్కువ అంకె చూపుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కంచంలో ఏముందో గీత చెబుతుంది

చెరకు పండిన సీమ కాబట్టి ఇక్కడి జనానికి చక్కెర మీదే అనుమానం. “నేను తీపే ముట్టను, నాకెట్ల పెరిగింది?” అన్న ప్రశ్న నిజామాబాద్ డాక్టర్లకు కొత్త కాదు. ఆ ప్రశ్నకు గీత జవాబిస్తుంది.

వండిన అన్నం నూరు గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. మధ్యాహ్నం కంచం నిండా 300 గ్రాముల బువ్వ తింటే అది 80 గ్రాములు దాటుతుంది. పిండి పదార్థం అంటే గ్లూకోజు కణాల గొలుసే. అరిగితే గ్లూకోజే మిగులుతుంది. మామూలు చక్కెరలో సగమే గ్లూకోజు, మిగతా సగం ఫ్రక్టోజు. అందుకే చక్కెర వేయని చాయ్ తాగి తృప్తి పడినవాళ్లకు, రెండు చాయ్‌ల కన్నా ఒక కంచం అన్నం గీతను ఎంత ఎత్తుకు తీసుకుపోతుందో చూశాక నోట మాట రాదు. బెల్లం వేసుకుంటే పరవాలేదనే నమ్మకం కూడా అక్కడే వీగిపోతుంది. బెల్లంలోనూ అత్యధికం చక్కెరే.

అలాగని అన్నం అంతా ఒకటే కాదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర ఉంది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. దాన్ని కొందరు ‘షుగర్ ఉన్నోళ్ల బియ్యం’ అని అమ్ముతారు. సూచిక తక్కువైతే గ్లూకోజు నెమ్మదిగా ఎక్కుతుంది. రెండింతలు తింటే మాత్రం ఆ లాభం కొట్టుకుపోతుంది. జొన్న రొట్టె సంగతీ అంతే: రెండు రొట్టెలు, పప్పు, ఆకుకూర తిన్న పూట గీత ఒక తీరు, నాలుగు రొట్టెలు తిన్న పూట ఇంకో తీరు.

సెన్సర్ ఉన్న రెండు వారాల్లో ఎవరికి వారు చేసుకోగల చక్కటి పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఒకరోజు మామూలుగా అన్నంతో మొదలుపెట్టి తినాలి. మరోరోజు అదే తిండిని వరస మార్చి, ముందు కూరలు, పప్పు, గుడ్డో చికెనో తిని చివర అన్నం తినాలి. మూడో రోజు తిన్నాక పదిహేను నిమిషాలు నడవాలి. కూరలూ మాంసకృత్తులూ ముందు తింటే తర్వాతి గ్లూకోజు శిఖరం తగ్గుతుందని అధ్యయనాలు చూపాయి. నడకలో కదిలే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి.

నిజామాబాద్ జిల్లాలో వేల మంది ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకొని గంటల తరబడి కూర్చొని బీడీలు చుడతారు. వాళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. తిన్న వెంటనే చాట ముందు కూర్చోకుండా వాకిట్లో పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే వచ్చే తేడా గీతలో కంటికి కనిపిస్తుంది. ఇందుకు ఖర్చు లేదు.

తెల్లవారుజాము, కల్లు, రోజా

తినకపోయినా షుగర్ పెరిగే వేళ ఉంది. తెల్లవారుజామున మూడు నుంచి ఎనిమిది మధ్య కార్టిసోల్ వంటి హార్మోన్లు పెరిగి, కాలేయం దాచుకున్న గ్లూకోజును బయటికి వదులుతుంది. రాత్రి ఒక్క రొట్టె తిని పడుకున్నా పొద్దున 170 ఎందుకు వచ్చిందో తెలియక చాలామంది తమను తామే తిట్టుకుంటారు, రాత్రి భోజనం మానేస్తారు. గీత చూస్తే రాత్రంతా 120 దగ్గరుండి నాలుగింటికి లేచిందని తెలుస్తుంది. తప్పు తిండిది కాదనీ, మందు వేళ మార్చాలేమో డాక్టరును అడగాలనీ అర్థమవుతుంది.

కల్లు విషయంలో ప్రమాదం ఎదురు దిశలో ఉంది. మద్యం ఏదైనా కాలేయం కొత్త గ్లూకోజు తయారుచేయడాన్ని అడ్డుకుంటుంది. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు మింగేవాళ్లు సాయంత్రం తాగి, సరిగా తినకుండా పడుకుంటే అర్ధరాత్రి తర్వాత షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇంట్లోవాళ్లు మత్తు అనుకొని వదిలేస్తారు. అలారం ఉన్న సెన్సర్ ఇక్కడ ప్రాణం కాపాడగలదు.

బోధన్‌లో, నిజామాబాద్‌లో రంజాన్ నెలంతా రోజా ఉండే మధుమేహులు ఎందరో. 13 దేశాల్లో జరిగిన ఎపిడయర్ అధ్యయనం ప్రకారం, రంజాన్‌లో తీవ్రంగా షుగర్ పడిపోయి ఆసుపత్రి పాలవడం టైప్ 2 వాళ్లలో 7.5 రెట్లు పెరిగింది. 70 కంటే కిందికి పడినా, 300 దాటినా రోజా విరమించాలన్నది అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య భాగస్వామిగా వెలువడిన మార్గదర్శకాల మాట. రక్త పరీక్షతో రోజా భంగం కాదని అవి స్పష్టంగా చెప్పాయి. రంజాన్‌కు నెల ముందే డాక్టరును కలిసి, సహర్, ఇఫ్తార్ వేళలకు మందులు మార్చుకొని, వీలైతే ఆ రోజుల్లో సెన్సర్ పెట్టుకోవడం మంచిది.

అంకెల వెంట పరుగు వద్దు

సెన్సర్ పెట్టిన మొదటి వారం చాలామంది గంటకు పదిసార్లు ఫోను చూస్తారు. 190 కనిపిస్తే గుండె జారుతుంది. బతుకమ్మకు చేసిన మలీద ముద్ద ఒకటి తిని గీత లేవగానే నేరం చేసినట్టు కుంగిపోతారు. ఇంట్లోవాళ్లకు ఫోనులో అంకెలు కనిపిస్తుంటే మాటామాటా పెరుగుతుంది. ఆరోగ్యవంతుల గీత కూడా తిన్నాక లేస్తుందని ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

2019లో ప్రపంచ నిపుణులు కలిసి చెప్పిన లక్ష్యం మామూలు మనుషులకు అందేదే. రోజులో 70 శాతం, అంటే దాదాపు 17 గంటలు, గ్లూకోజు 70 నుంచి 180 మధ్య ఉంటే చాలు. 70 కన్నా కింద 4 శాతానికి, అంటే గంటకు, మించకూడదు. వృద్ధులకు, ఇతర జబ్బులున్నవాళ్లకు సగం రోజు పరిధిలో ఉన్నా సరిపోతుంది, కానీ 70 కింద ఒక శాతం కూడా దాటకూడదు. వాళ్లకు పెరగడం కన్నా పడటమే ఎక్కువ ముప్పు.

కాబట్టి చూడవలసింది ఏ నిమిషపు అంకెనో కాదు, రోజుల తరబడి ఒకే వేళలో పదేపదే వచ్చే ఎత్తునూ పల్లాన్నీ. 14 రోజుల గీతలను ఒకదాని మీద ఒకటి వేసి తీసే నివేదికలో అది తేటగా తెలుస్తుంది. దాంతో పాటు ఏ పూట ఏం తిన్నారో, ఎప్పుడు గోలీ వేసుకున్నారో, ఎప్పుడు నడిచారో ఓ నోటుబుక్కులో రాసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అది లేకుండా గీత ఒక్కటే సగం కథే చెబుతుంది. అంకె చూసి సొంతంగా ఇన్సులిన్ పెంచడం, గోలీ మానేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

ఎవరికి ముందు కావాలి

ఒక్కో సెన్సర్ ధర నాలుగైదు వేల రూపాయలు. నెలకు రెండు. బీడీ కూలీకీ, కౌలు రైతుకూ అది మోయలేని బరువు. గోలీలతో నిలకడగా ఉన్న టైప్ 2 మనిషికి ఏడాది పొడవునా అది అవసరం కూడా లేదు. మందు మార్చినప్పుడో, కారణం తెలియకుండా షుగర్ ఊగుతున్నప్పుడో రెండు వారాలు పెట్టుకుంటే తన ఒంటి తీరు తెలుస్తుంది. మిగతా రోజులకు గ్లూకోమీటరు చాలు.

ఇన్సులిన్ వాడేవాళ్ల లెక్క వేరు. అమెరికాలో రోజుకోసారో రెండుసార్లో ఇన్సులిన్ తీసుకునే 175 మంది టైప్ 2 వాళ్లతో జరిగిన ‘మొబైల్’ పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. ఎనిమిది నెలల్లో సీజీఎం వాడినవాళ్ల హెచ్‌బీఏ1సీ 9.1 నుంచి 8.0కు తగ్గింది. వేళ్లు పొడుచుకున్నవాళ్లది 9.0 నుంచి 8.4కు తగ్గింది. టైప్ 1 ఉన్న గర్భిణుల మీద 2017లో వచ్చిన ‘కాన్సెప్ట్’ పరిశోధనలో సీజీఎం పెట్టుకున్న తల్లులకు అతిబరువు శిశువులు తక్కువ పుట్టారు, నవజాత శిశువుల ఐసీయూ అవసరమూ తగ్గింది. బ్రిటన్‌లో 2022 నుంచి టైప్ 1 ఉన్న పెద్దలందరికీ ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో దీన్ని ఇవ్వాలని సిఫారసు ఉంది.

మన దగ్గర ఆశ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూస్తున్నారు, గోలీలు అందుతున్నాయి. దాని తర్వాతి అడుగు కష్టమైనదేమీ కాదు. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి లాంటి జిల్లా ఆసుపత్రుల్లో టైప్ 1 ఉన్న పిల్లలకూ, ఇన్సులిన్ మీదున్న గర్భిణులకూ సెన్సర్లు ఉచితంగా ఇవ్వాలి. మిగతా ఇన్సులిన్ వాడకందారులకు ఏడాదికి ఒకటి రెండుసార్లయినా పెట్టి, గీత చదివి చెప్పే నర్సును ఒకరిని నియమించాలి. ఈ అధ్యాయం చదివినవారి ఇంట్లో సూది వేసుకునేవారు ఉంటే, వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు “మాకు ఇది అవసరమా, ఎన్నాళ్లు?” అని అడగండి. రాత్రిపూట ఎప్పుడైనా చెమటలు పట్టి లేచారేమో, అదీ దాచకుండా చెప్పండి.